డ్రైవ్ ఆగిన ఉదయాలు

సింహాద్రికి మోటార్లంటే భయం లేదు. అమలాపురంలో ఇరవై ఎనిమిదేళ్లుగా వాటికి రాగి తీగ చుట్టి వైండింగ్ చేస్తున్నాడు. కాలిన మోటారు మూత తీసి వాసన చూస్తే చాలు, లోపల ఏం జరిగిందో చెప్పేస్తాడు. అతన్ని కంగారు పెట్టేది డ్రైవ్. మోటారు వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ నడిపే ఆ పెట్టె లోపలి సంగతి అతనికి అంతుబట్టదు. అందుకే అప్పనపల్లి దారిలోని పీచు ఫ్యాక్టరీ యజమాని మంగరాజు ఫోన్ చేసినప్పుడు వెంటనే సరేననలేకపోయాడు.

"మొన్నామధ్య మీరు వైండింగ్ చేసిన మోటారేనండీ. వారం నుంచి మాటిమాటికీ ఆగిపోతోంది. డ్రైవ్ చూడ్డానికొచ్చిన ఇంజినీరు గారు మోటారే పాడై ఉంటుందన్నారు," అన్నాడు మంగరాజు.

ఆ మాట సింహాద్రికి గుచ్చుకుంది. తీగల్లో కరెంటు లీకేజీని చూసే మెగ్గర్ సంచిలో వేసుకుని బండెక్కాడు.

ఫ్యాక్టరీలో కొబ్బరి డొక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిని చీల్చి పీచు తీసే మెషీన్ ఆగిపోవడంతో పన్నెండు మంది ఆడవాళ్లు షెడ్డు నీడన కూర్చున్నారు. మెషీన్ నడిపే అనిత మాత్రం డ్రైవ్ పక్కనే నిలబడి, దాంతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తిరగేస్తోంది. ఆ అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో.

సింహాద్రి మెయిన్ ఆపేసి, డ్రైవ్ మూత తీసి లోపలికి చెయ్యి పెట్టబోయాడు.

"ఆగండాగండి బాబాయ్ గారూ!" అనిత గట్టిగా అరిచింది. "కరెంటు తీసేసినా లోపల పది నిమిషాలు పవర్ ఉంటుందంట. ముట్టుకోకూడదని ఇందులో రాసుందండి."

సింహాద్రి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నన్ను బతికించేవమ్మా," అన్నాడు మెల్లగా.

ఆ పది నిమిషాలూ అనిత చెబుతూ ఉంటే విన్నాడు. ఆగినప్పుడల్లా డ్రైవ్ మీద ఎర్త్ ఫాల్ట్ అని, అంటే కరెంటు ఎక్కడో నేలలోకి పోతోందని, వస్తోందట. ఏ రోజు ఏ టైముకి ఆగిందో ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టుకుంది. సోమ, మంగళ, గురువారాల్లో పొద్దుటిపూటే ఆగింది. బుధవారం అసలు ఆగలేదు.

"బుధవారం ఏం చేసేరు?"

"ఆ రోజు పొద్దున డొక్కలు తడపలేదండి. నీళ్ల మోటారు చెడిపోయింది."

సింహాద్రి డ్రైవ్ నుంచి మోటారుకు వెళ్లే తీగలు ఊడదీసి, డ్రైవ్‌ను ఒక్కదాన్నే నడిపించమన్నాడు. అనిత పుస్తకం చూసుకుంటూ నడిపింది. ఎంతసేపైనా ఆగలేదు. అంటే పెట్టె బాగానే ఉంది. ఇక మిగిలింది అతని మోటారు. దానికి మెగ్గర్ తగిలించి చూశాడు. మోటారు నిక్షేపంలా ఉంది. సింహాద్రి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

తర్వాత రెండు చివరలా ఊడదీసిన కేబుల్‌కు మెగ్గర్ పెట్టాడు. ముల్లు సున్నా దగ్గరికి వాలిపోయింది. లీకేజీ అందులోనే.

డొక్కలు తడిపే తొట్టి పక్కగా నేలలో గొట్టం, అందులో కేబుల్. పలుగుతో తవ్వి చూస్తే గొట్టం నిండా నీళ్లు. మధ్యలో టేపు చుట్టిన ఒక జాయింటు. దాన్ని చూడగానే సింహాద్రి అలాగే కూర్చుండిపోయాడు. మోటారు తెచ్చి బిగించిన రోజు కేబుల్ కాస్త చాలకపోతే, ఆ ముక్క కలిపింది తనే. సాయంత్రమైపోయిందని హడావుడిగా టేపు చుట్టేశాడు.

చుట్టూ ఉన్నవాళ్లెవరికీ ఆ సంగతి తెలియదు. ఎలక కొరికిందంటే నమ్ముతారు.

"మంగరాజు గారూ," అన్నాడు లేచి. "తప్పు నాదేనండి. ఈ జాయింటు నేనే వేశాను. నీళ్లు తగిలే చోట ఇలా వెయ్యకూడదు. ఇప్పుడే కొత్త కేబుల్ లాగేస్తాను, అతుకు లేకుండా."

మంగరాజు తల ఊపాడు. "వారం రోజుల నుంచి అందరూ అవతలివాడి మీద చెబుతున్నారండి. నాదేనన్నది మీరొక్కరే. కానివ్వండి," అన్నాడు.

మధ్యాహ్నానికల్లా కేబుల్ గోడ మీదుగా ఎత్తులో వెళ్లింది. డొక్కలు కావాలనే బాగా తడిపించారు. అనిత మీట నొక్కి మెల్లగా వేగం పెంచింది. మెషీన్ గుర్రుమంది, హోరెత్తింది. పీచు బంగారం రంగులో ఎగిరి పడింది. నీడన కూర్చున్న ఆడవాళ్లు కొంగులు బిగించుకుంటూ లేచారు.

గంటసేపు గమనించాక సింహాద్రి సంచి సర్దుకున్నాడు. గేటు దాకా వెళ్లినవాడు మళ్లీ వెనక్కి వచ్చాడు.

"ఆదివారాలు ఖాళీయేనా అమ్మా? మా షాపుకి రాకూడదూ! మోటారు విప్పి వైండింగ్ ఎలా చెయ్యాలో నేను చెబుతాను. ఈ డ్రైవుల సంగతి నువ్వు నాకు చెబుదువుగాని."

మెషీన్ హోరులో ఆమెకు సగమే వినిపించింది. అయినా అర్థమైంది.

"ఆయ్, వస్తానండి!" అంది అనిత, అంతకంటే గట్టిగా.