సారె డబ్బాలో సీసా

మా ఆయన తాగరు. పెళ్లిచూపుల్లో మా నాన్న వెంకట్రావుగారు "అబ్బాయికి అలవాట్లేమైనా ఉన్నాయా?" అని అడిగితే, "కాఫీ ఒక్కటేనండి" అని తల వంచుకుని చెప్పిన మనిషి. సాంబమూర్తి అంటే తెనాలిలో ఇప్పటికీ బుద్ధిమంతుడనే పేరు. ఆ పేరు కాపాడుకోవడానికి ఆయన పడే అవస్థ అంతా ఇంతా కాదు. నెలకోసారి మలక్‌పేటలో గంగాధరరావుగారింట్లో గీతా ప్రవచనమని వెళ్తారు. నోటినిండా యాలకులు నములుతూ వచ్చి, పలకరించినా పలక్కుండా గోడవైపు తిరిగి పడుకుంటారు. గీత విన్నవాళ్లకి అంత నిద్ర ఎందుకొస్తుందో ఆ కృష్ణుడికే తెలియాలి.

నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి ఆయనకి తెలియదు. మా దిల్‌సుఖ్‌నగర్ కిరాణా కొట్టతను కూడా ఒకరోజు "మీ ఇంట్లో పాయసాలు ఎక్కువనుకుంటా అమ్మా, యాలకులు మస్తు పోతున్నయి" అన్నాడు. అడిగేస్తే ఒక్క నిమిషంలో తేలిపోయేదే. కానీ నేను నిలదీస్తే ఒప్పుకోవడం వేరు, తనంతట తాను వచ్చి చెప్పడం వేరు. ఈ మనిషి ఒక్కసారి నా మొహం చూసి నిజం చెప్పాలని నా పంతం. పంతమని పైకి అంటున్నాను గానీ, బాధే. కట్టుకున్నదాని దగ్గర కూడా దాక్కునే మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశానన్న బాధ.

అలాంటి కాపురంలోకి ఓడ వచ్చింది.

మా అబ్బాయి కార్తీక్, కోడలు శ్రీకళ మియాపూర్‌లో ఉంటారు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, అక్కడే ఒకరినొకరు చూసుకుని చేసుకున్నారు. శ్రీకళ పుట్టిల్లు ఎల్‌బీ నగర్. వాళ్ల నాన్న సాయిలుగారికి చౌరస్తా దగ్గర టైర్ల దుకాణం ఉంది. పెళ్లయిన ఏడాదే రెండు వైపుల పెద్దవాళ్లనీ సముద్రంలో తిప్పాలని పిల్లలకి బుద్ధి పుట్టింది. చెన్నైలో ఎక్కితే నాలుగు రోజులు తిప్పి మళ్లీ చెన్నైలోనే దింపుతారట. "ఎక్కిన చోటే దిగడానికి అంత ఓడెందుకురా?" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఒక ఆదివారం కార్తీక్ మా ఇంటికొచ్చి, అవతల సాయిలుగారిని ఫోన్ స్పీకర్లో పెట్టి అన్నీ విడమరిచి చెప్పాడు.

"ఓడలో తిండికి విడిగా కట్టక్కర్లేదు నాన్నా. మందుకి మాత్రం కట్టాలి. రెండు దార్లున్నాయి. డ్రింక్స్ ప్యాకేజీ ముందే కొనుక్కుంటే ఎవరికెంత కావాలంటే అంత పోస్తారు. కాకపోతే గదిలో ఒకరు తీసుకుంటే రెండోవాళ్లు కూడా తీసుకోవాల్సిందే. అది వద్దనుకుంటే, ఓడ ఎక్కేటప్పుడు తలా ఒక వైన్ సీసా వెంట తెచ్చుకోవచ్చు. వైన్ ఒక్కటే. వేరేది కనిపిస్తే లాగేసుకుంటారు."

"రెండోవాళ్లెందుకు?" మా ఆయన చాలా మామూలుగా అడిగారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఒకరి పేరు మీద ఇద్దరూ తాగేస్తారని."

ఫోన్లోంచి సాయిలుగారి గొంతు వినిపించింది. "నేనైతే ప్యాకేజీనే తీసుకుంటున్న బావా. మీ చెల్లె సుత సరే అన్నది. మరి మీరేమంటరు?"

"మాకెందుకు బావగారూ, మాకలవాటు లేదుగా. ఒరే కార్తీక్, ఓడలో మజ్జిగ దొరుకుతుందేమో కనుక్కో."

అవతల సాయిలుగారు ఫోన్ పెట్టేశారు. పెళ్లయ్యాక వాళ్లింట్లో దావత్ ఇచ్చిన రోజు కూడా మా ఆయన ఇదే మాట అన్నారు. ఆడపిల్ల తండ్రి స్వయంగా తెచ్చి అందించిన గ్లాసును, చుట్టాలందరూ చూస్తుండగా, "మాకలవాటు లేదు" అని వెనక్కి నెట్టారు. తర్వాత సాయిలుగారి భార్య యాదలక్ష్మి వదినగారు నాతో అన్నారు: "మా ఇంట్ల తాగుడేందని అనుకున్నరో ఏమో వదినె, ఆయన ఆ దినమంతా సరిగ తినలే." ఆ రోజు నాకు తల కొట్టేసినట్టయింది. తాగనివాడు వద్దంటే అది నియమం. తాగేవాడు వద్దంటే ఎదుటివాళ్లని తక్కువ చేయడమే కదా.

ఇంతకీ మా ఆయన పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ప్యాకేజీ తీసుకోవాలంటే నన్ను కూడా తాగేవాళ్ల లెక్కలో వేయాలి. సీసా తెచ్చుకోవాలంటే సూట్‌కేసు సర్దేది నేను. తన బనియన్లు ఏ అరలో ఉంటాయో కూడా తెలియని మనిషి, నాకు తెలియకుండా సీసా ఎక్కడ దాస్తారు? పైగా కొనుక్కురావాలంటే మా వీధి చివరి వైన్స్‌కి సరిగ్గా ఎదురుగా అపార్ట్‌మెంట్ సెక్రటరీ రామస్వామిగారి జిరాక్స్ షాపు. ఆ వారమంతా మా ఆయన బాల్కనీలో నిలబడి ఆకాశం వంక చూస్తూ గడిపారు. నేను చూస్తూ ఊరుకున్నాను. చెబితే ఇద్దరం కలిసి ఏదో ఆలోచించేవాళ్లం కదా అనిపించింది. ఆయన చెప్పలేదు.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తగారి గడప తొక్కకూడదని శ్రీకళ ఎల్‌బీ నగర్‌లోనే ఉండి ఆఫీసుకెళ్లి వచ్చింది. శ్రావణం రాగానే సారెతో మా ఇంటికొచ్చింది. చీరలు, పళ్లు, గాజులు, వాటి వెనక ఇద్దరు మనుషులు మోసుకొచ్చిన పెద్ద స్టీలు డబ్బా నిండా బూందీ లడ్డూలు.

మా వైపు ఒక పద్ధతుంది. సారె డబ్బా మూత ఇంట్లోవాళ్లు ముందు తీయకూడదు. ఇరుగూపొరుగూ ముత్తయిదువల్ని పిలిచి, వాళ్ల ముందు తీసి, అప్పటికప్పుడే పంచాలి. కోడలి పుట్టింటివాళ్లు ఎంత పెట్టారో పదిమందికీ తెలియాలి కదా. సాయిలుగారి వైపు అలా కాదట. ఇంటి ఆడవాళ్లు లోపల విప్పుకుని, పొట్లాలు కట్టి తర్వాత పంచుతారట. ఈ సంగతి నాకప్పుడు తెలియదు. మా సంగతి ఆయనకీ తెలియదు.

హాలంతా ఆడవాళ్లు. మూడో అంతస్తు సూర్యప్రభగారు మా లలితా పారాయణం బృందానికి పెద్ద. ఆవిడ చేత్తోనే మూత తీయించి పంపకం మొదలుపెట్టాం. మా ఆయన మూల కుర్చీలో పేపరు చదువుతున్నారు. పంచుతూ పంచుతూ డబ్బా సగానికి దిగింది. సూర్యప్రభగారు మోచేతి దాకా చెయ్యి పెట్టి, "ఇదేమిటి, పూతరేకుల పొట్లంలా ఉంది" అంటూ కొత్త తువ్వాలు చుట్టిన పొట్లం ఒకటి పైకి లాగారు. తువ్వాలు జారింది. నల్లటి సీసా, దాని మీద ద్రాక్షగుత్తి బొమ్మ.

హాల్లో గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది.

శ్రీకళ మొహం చూశాను. నెత్తురు చుక్క లేదు. పుట్టింటి సారెలో సీసా వచ్చిందని రేపు ఈ అపార్ట్‌మెంటంతా ఆ పిల్లని ఎన్ని మాటలంటుందో నాకు అర్థమైంది. తర్వాత మా ఆయన వంక చూశాను. ఆ సీసా ఎవరి కోసమో అడగక్కర్లేదు. ఆయన చేతిలోని పేపరు ముక్కు దాకా లేచింది. ఇదిగో, ఇప్పుడు చెబుతారు అనుకున్నాను. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు చెబుతారు? ఆగాను. పేపరు ఇంకొంచెం పైకి లేచి ఆయన బట్టతలని కూడా కప్పేసింది.

నాకు ఒళ్లు మండింది.

"నాదేనండి" అన్నాను. "ఓడలో తాగుదామని నేనే తెప్పించుకున్నాను. తలా ఒకటి కదా, అడుగున ఇంకోటి కూడా ఉండాలి, జాగ్రత్తగా తీయండి."

ఉంది కూడా.

ఇక చూడండి. సాయంత్రానికల్లా ఈ కోటేశ్వరమ్మ తాగుతుందని వాచ్‌మన్ దాకా పాకింది. పారాయణానికి రావద్దంటారేమో అనుకున్నాను. మర్నాడు సూర్యప్రభగారు ఒక్కరే వచ్చి, తలుపు దగ్గరగా వేసి, "మోకాళ్లకి మంచిదటగా, నిజమేనా?" అని అడిగారు. మొదటి అంతస్తావిడ మాత్రం ఇంకా లోతుగా వెళ్లి, భోజనానికి ముందా తర్వాతా అని అడిగింది. "డాక్టరు చెప్పినట్టు" అని తప్పించుకున్నాను. ఏ డాక్టరు, ఎక్కడ దవాఖాన అని చిరునామా కూడా అడిగింది.

మా ఆయన మాత్రం దొంగకి తేలు కుట్టినట్టు ఉండిపోయారు. తెల్లారేసరికి కాఫీ కలిపి తెచ్చారు. అడక్కుండానే కూరలు తరిగారు. నోరు తప్ప ఒళ్లంతా క్షమాపణ చెబుతోంది. ఆ నోరే నాకు కావాలి. అందుకే ఆయన వింటుండగా కార్తీక్‌కి ఫోన్ చేశాను.

"ఒరే, నాకు ప్యాకేజీ అయితేనే బాగుంటుందేమో చూడు. నా మూలంగా మీ నాన్నకి కూడా కట్టాలనుకో. పాపం, ఆయన వంతుకి మజ్జిగ తాగుతారు."

ఆయన గుటక మింగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. వెళ్లి మళ్లీ కూరలు తరిగారు. కార్తీక్ అవతల కాసేపు దగ్గి, చెన్నైలో ఓడ ఎక్కేలోపు ఎప్పుడైనా తీసుకోవచ్చులే అమ్మా అని పెట్టేశాడు.

ప్రయాణం రోజు వచ్చింది. చెన్నై బస్సు సాయంత్రం ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఎక్కాలి. అందుకని భోజనానికి మధ్యాహ్నమే రమ్మని సాయిలుగారు పిలిచారు. రెండు సీసాలూ నా చీరల మధ్య నేనే సర్దాను. మెట్రోలో అంతసేపూ మా ఆయన ఆ సూట్‌కేసుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

సాయిలుగారి హాల్లో చాప పరిచి అందరం కూర్చున్నాం. భోజనాలు మొదలుకాకముందే ఆయన లోపలికెళ్లి ఒక పళ్లెం పట్టుకొచ్చారు. దాంట్లో ఎర్రటి వైన్ పోసిన గాజు గ్లాసు ఒకటి. తిన్నగా నా ముందుకొచ్చి ఆగారు.

"చెల్లె, నన్ను మాఫ్ చెయ్యాలె. మీ దిక్కు డబ్బా అందరి ముంగట ఇప్పుతరని నాకు తెల్వదు. సారె అంటే ఆడోల్ల చేతికే పోతది, సక్కగ నీకే చేరుతదని అందుల పెట్టిన."

"నాకా?" అన్నాను.

"నీకే గద. బావ ఫోన్ చేసి మొత్తం చెప్పిండు. మా ఆమెకు వైన్ అంటే మస్తు ఇష్టం, సిగ్గుపడి బయటికి చెప్పదు, ఎవ్వరికి తెల్వకుంట పంపుండ్రి అని. నిజం చెప్తున్న చెల్లె, గా మాట ఇని నాకెంత సంబురమైందో. ఆ ఇంట్ల ఒక్కలన్న మాతోటి కూసుంటరు అనుకున్న. వైన్స్ల అడిగితే ఆడు వైన్ ఎన్నడు అమ్మలేదట, నిచ్చెనేసి దుమ్ము దులిపి మూడు సీసాలు ఇచ్చిండు. జర తీసుకో, నా చేతితోటి ఇస్తున్న."

అంటే శ్రీకళ పరువు కోసం నేను నెత్తిన వేసుకున్న అబద్ధం, మా ఆయన అంతకుముందే నా నెత్తిన పెట్టేశారన్నమాట. నాకు వచ్చింది కోపమని చెప్పాలనుంది గానీ, ఏడుపు. ఇన్నేళ్లు యాలకుల వెనక దాక్కున్నారు, సరే. ఇప్పుడు నా వెనకే దాక్కున్నారు.

మా ఆయన తలెత్తలేదు. సాయిలుగారు పళ్లెం పట్టుకుని నిలబడే ఉన్నారు. ఒకసారి ఇదే ఇంట్లో వెనక్కి వెళ్లిన గ్లాసు మళ్లీ వెళ్లకూడదు. గ్లాసు తీసుకున్నాను. తాగిన మొహం కాదు నాది. కొడుకూ కోడలూ చూస్తున్నారు. అయినా పెదవుల దాకా ఎత్తాను.

"ఆగు కోటేశ్వరీ."

మా ఆయన లేచి వచ్చారు. నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నారు. నా మొహం వంకే చూశారు.

"అది నాది" అన్నారు. "సీసాలు కూడా నావే. మలక్‌పేటలో ప్రవచనం లేదు, ఏమీ లేదు. మీ నాన్నతో కాఫీ ఒక్కటే అన్నాను చూడు, అప్పట్నుంచీ అంతా అబద్ధమే."

తర్వాత సాయిలుగారి వైపు తిరిగారు. "బావగారూ, ఆ రోజు మీ గ్లాసు వద్దన్నది మా ఆవిడకి భయపడి. మిమ్మల్ని తక్కువ చేసి కాదు." అని ఒక్క గుక్కలో తాగేశారు.

తాగి, మొహం అష్టవంకర్లు తిప్పారు. పాపం, ఆయనకి వైన్ రుచి కూడా తెలియదు. "ఇదేంటండీ, చింతపండు పులుసులా ఉంది" అన్నారు.

సాయిలుగారు ఆయన్ని గట్టిగా కావలించుకున్నారు. "గిది మనది కాదు బావా, మన మందు వేరే ఉన్నది లోపల" అన్నారు. యాదలక్ష్మి వదినగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూనే. ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట ఇంత పులుపుతో వస్తుందనుకోలేదు. అయినా వచ్చింది, అది చాలు.

"నాన్నా, మరి ప్యాకేజీ సంగతి?" కార్తీక్ మెల్లగా అడిగాడు.

"తీసుకో" అన్నాను నేను. "ఇద్దరికీ. ఇక సూట్‌కేసులో ఏదీ దాచక్కర్లేదు. ఆ సీసాలు రెండూ వదినగారింట్లో ఉంచేయండి, పులిహోరలోకి పనికొస్తాయి." తర్వాత సాయిలుగారి ముందు చెయ్యి చాచాను. "అన్నయ్యగారూ, మీరు తెచ్చింది నాకని కదా. నా గ్లాసు ఈయన తాగేశారు. ఇంకోటి పోయండి."

నిజంగానే పులుపే. కానీ వదలబుద్ధి కాలేదు.

చౌరస్తాలో బస్సెక్కి కూర్చున్నాం. మా ముందు సీట్లో కార్తీక్, శ్రీకళ. బస్సు విజయవాడ రోడ్డెక్కాక మా ఆయన అలవాటుగా చొక్కా జేబులో చెయ్యి పెట్టి రెండు యాలకులు తీశారు. నోటి దాకా తీసుకెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు. ఆ రెండూ నా అరచేతిలో పెట్టి, నా చెవి దగ్గరకొచ్చి మెల్లగా అన్నారు.

"నువ్వు నములు. పిల్లలు ముందు సీట్లోనే ఉన్నారు."