ఉడికిన రాళ్ళు

పరీక్ష గొట్టంలో నీళ్ళు ఊదారంగుకి తిరిగాయి.

అతను గొట్టాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రంగుల అట్టకి ఆనించి చూశాడు. అనుమానం లేదు, నైట్రైట్. పోయిన వారం ఇదే తొట్టి నీళ్ళు ఇదే పరీక్షలో లేత నీలంగా ఉండిపోయాయి. అమ్మోనియా గొట్టం కూడా పసుపు వదిలి పచ్చబడింది.

సాయంత్రం అక్క చేపలు తెస్తోంది.

నారింజ రంగు మీద తెల్ల చారల జంట అది. అక్క వాటిని ఏళ్ళ తరబడి పెంచింది. మారబోయే ఇంటి యజమాని తొట్టి వద్దన్నాడు. "నీ తొట్టి సిద్ధంగా ఉంటే నీకు. లేదంటే చేపల షాపుకి" అని తమ్ముడికి తేల్చి చెప్పింది. షాపులో ఆ జంటని విడదీసి అమ్మేస్తారని ఇద్దరికీ తెలుసు.

అతని భార్య పళ్ళ డాక్టరు. అతను అదే క్లినిక్ వెనక గదిలో కట్టుడుపళ్ళు తయారుచేస్తాడు. ముందుగదిలో ఉప్పునీటి తొట్టి పెట్టి, చేపలు లేకుండానే వారాల తరబడి నడిపాడు. తొట్టిలో వ్యర్థం కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ చేపలకి ముప్పు. నైట్రేట్‌ని మాత్రం అప్పుడప్పుడూ నీళ్ళు మార్చి అదుపులో పెట్టుకోవచ్చు. బ్యాక్టీరియా సముద్రపు రాళ్ళ మీదా, ఫిల్టర్‌లోని పింగాణీ ముక్కల మీదా కాపురం పెట్టేదాకా చేపల్ని దించకూడదు. కాపురం పెట్టింది. మరి ఇప్పుడేమైంది?

"తొట్టిలో ఎవరేం వేశారు?"

రిసెప్షన్‌లో ఉన్నావిడ తల ఎత్తలేదు. "నన్ను చూస్తారేంటి సార్? నా బిస్కెట్లు నాకే చాలవు."

అతను వంగి అద్దంలోంచి చూశాడు. నిన్నటిదాకా గులాబీ మచ్చలతో, గోధుమరంగు నాచుతో ఉన్న రాళ్ళు ఇప్పుడు తెల్లగా మెరుస్తున్నాయి. మూత తీశాడు. ఉడికిన నత్తల వాసన గుప్పుమంది.

ఉడికిన!

గబగబా లోపలికి వెళ్ళాడు. భార్య ఆటోక్లేవ్ ముందు నిలబడి ఉంది. పరికరాలని ఆవిరితో ఉడికించి క్రిముల్ని చంపే పెట్టె అది.

"ఇందులో రాళ్ళు పెట్టావా?"

"పెట్టాను. ఆ పింగాణీ ముక్కలు కూడా. ఎంత జిగురండీ వాటి నిండా! సాయంత్రం మీ అక్క చూస్తే నా క్లినిక్ గురించి ఏమనుకుంటుంది?"

"పరికరాలతో కలిపా?"

"ఛ! వేరే ట్రేలో."

అతను స్టూల్ మీద కూలబడ్డాడు. "ఆ జిగురు కోసమే కదా ఇన్నాళ్ళూ కాచుకుని కూర్చున్నాను. బ్యాక్టీరియా దాదాపు అంతా పోయింది. రాళ్ళలో ఉన్న పురుగూ పుట్రా ఉడికి కుళ్ళుతోంది."

ఆమె మొహం పాలిపోయింది. అతను అప్పటికే ఫోన్‌లో పోయిన వారం తీసిన ఫొటో వెతుకుతున్నాడు.

"అక్కకి చెప్పకు. నీలం గొట్టం ఫొటో పంపిస్తా."

"పంపి? చేపల్ని అందులో దించుతారా?"

అతను ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నాడు. ఆమె చేతి తొడుగులు విప్పి చెత్తబుట్టలో పడేసింది.

"ఆ జిగురు పళ్ళ మీద పాచి లాంటిదేనా?"

"అలాంటిదే."

"అయితే ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎక్కించొచ్చు. వదిన ఫిల్టర్‌లో బోలెడు ఉంటుంది."

"అడగాలంటే జరిగింది చెప్పాలి కదే!"

"చెప్తాను. ఉడకబెట్టింది నేనేగా."

తన ఫోన్‌లో అక్కకి చేసి, స్పీకర్‌లో పెట్టి మొత్తం చెప్పింది.

"రాళ్ళని ఉడకబెట్టావా? ఉప్పు సరిపోయిందా మరి?"

"వదినా!"

"వాడేం చేస్తున్నాడు? పాత ఫొటో వెతుకుతున్నాడా?"

భార్య అతని వైపు చూసింది. అతను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

"ఉడికినవన్నీ బయట పారేయండి. నీళ్ళు సగం పైనే మార్చండి. వస్తున్నా."

"చేపల్ని షాపుకి ఇచ్చేస్తావా వదినా?"

"వచ్చాక చూస్తా."

అక్క రెండు మూతల టబ్బులతో దిగింది. ఒకదాంట్లో చేపలు. రెండోదాంట్లో ఆమె తొట్టి నీళ్ళు, వాటిలో పాత ఫిల్టర్ స్పాంజి. దాన్ని కత్తెరతో రెండుగా కోసి, ఒక ముక్కని తొట్టి మీద పిండింది. మెరిసిపోతున్న నీళ్ళలోకి నల్లటి మడ్డి దిగింది. డాక్టరు మొహం పక్కకి తిప్పుకుంది.

"చూడమ్మా, చూడు. ఇది చూడలేకపోతే చేపల్ని పెంచలేవు."

ఆ ముక్క కొత్త ఫిల్టర్‌లోకి వెళ్ళింది. మిగతా సగంతో చేపలు ఎక్స్‌రే గదిలో ఓ మూల టబ్బులోనే ఉండిపోయాయి. పక్కన గాలి పంపు గుడగుడలాడుతుంటే పేషెంట్లు భయపడి మిషన్ చెడిపోయిందేమోనని అడిగేవాళ్ళు. రోజూ క్లినిక్ తెరవగానే డాక్టరే ఆ టబ్బులో కొంత నీరు తీసి కొత్త ఉప్పునీరు పోసేది, రెండుచోట్లా పరీక్షలు చేసేది. తొట్టిలో ముందు అమ్మోనియా పోయింది. నైట్రైట్ ఊదా నెమ్మదిగా పలచబడి నీలంలోకి వచ్చింది. నైట్రేట్ గొట్టం మాత్రం ఎర్రబడింది. మరోసారి నీళ్ళు మారిస్తే అదీ నారింజకి దిగింది.

అక్క వచ్చి తన చేత్తో మళ్ళీ పరీక్ష చేసింది. నీలం. తర్వాతే చేపల్ని వదిలింది. పెద్దది ముందు తొట్టంతా ఒక చుట్టు చుట్టింది, చిన్నది దాని తోక పట్టుకున్నట్టు వెనకే తిరిగింది.

"షాపుకి ఇచ్చేస్తావనుకున్నా అక్కా" అన్నాడు తమ్ముడు.

"నువ్వు ఫోన్ చేసుంటే ఇచ్చేదాన్నే." మరదలి వైపు తిరిగింది. "ఫిల్టర్ కడగాల్సివస్తే తొట్టి నీళ్ళలోనే కడగాలి. అది వాడు కడుగుతాడు, నువ్వు చెయ్యి పెట్టకు. పరీక్ష మాత్రం నువ్వే చేసి నాకు చెప్పు. వాడి ఫొటోలు నాకొద్దు."