క్లిఫ్ వాటా

బట్టలుతికే ఆరో నంబరు యంత్రం తలుపు తెరిచి ఈనిడ్ క్రాబ్‌ట్రీ తడి గుడ్డలను రెండు చేతులతో బుట్టలోకి లాగింది. తెల్లటి గుడ్డలు, నీళ్ళు పీల్చి బరువెక్కినవి. ఊళ్ళో శవసంస్కారాలు జరిపించే లమ్ గారివి. శవపేటికను దించే బల్లల మీద వీటిని పరుస్తారు. ప్రతి గురువారం పొద్దున్నే తెచ్చి ఇస్తారు, భోజనాల వేళకు వచ్చి పట్టుకుపోతారు. వీటిని ఈనిడ్ ఇంకెవరి బట్టలతోనూ కలిపి వెయ్యదు. అలా చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అరవై దాటిన మనిషి. పొట్టిగా ఉంటుంది. వెడల్పాటి మణికట్లు, సబ్బునీళ్ళకు ఎర్రబడి కణుపుల దగ్గర పగిలిన వేళ్ళు. తలకు వల బిగించి, నీలం నైలాను కోటు తొడుక్కుంటుంది. ఆ కోటు జేబుల్లో ఎవరెవరి చొక్కాలనుంచో ఊడిన గుండీలుంటాయి. అడిగినవాళ్ళకు వెతికి ఇస్తుంది. వీధిలో ఎదురైతే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. కోటు లేకుండా కనిపిస్తే గుర్తుపట్టనివాళ్ళు కూడా ఉన్నారు.

పదిహేనో ఏట నేత మిల్లులో చేరింది. మిల్లు మూతపడేదాకా అక్కడే చేసింది. మగ్గాల హోరులో పక్కమనిషి అరిచినా వినబడదు. అందుకని మిల్లు ఆడవాళ్ళు గొంతు వాడడం మానేశారు. పెదవులు సాగదీసి, మాట ఆకారం చూపిస్తే ఎదుటివాళ్ళు చూసి తెలుసుకునేవారు. షెడ్డు ఈ చివరినుంచి ఆ చివరికి కాపురాల గొడవలన్నీ అలాగే నడిచేవి. మిల్లు పోయింది గాని అలవాటు పోలేదు. ఈ లాండ్రీలో డ్రైయర్లు తిరిగేటప్పుడు ఈనిడ్, షీలా అలాగే మాట్లాడుకుంటారు. షీలా కూడా మిల్లు మనిషే.

ఇప్పుడు ఆ చివర పిల్లల బట్టలు మడతపెడుతూ షీలా పెదవులు కదిపింది.

"పోస్టులో వేశావా?"

ఈనిడ్ తల అడ్డంగా ఊపింది.

"నువ్విలా నాన్చితే పోస్టు డబ్బానే నడిచొచ్చి నోరు తెరవాలి. చివరికి ఆ సమాధి రాయి క్లిఫ్‌కి కాదే, నీకే వేయించాల్సి వస్తుంది."

ఈనిడ్ నవ్వి, గుడ్డలను డ్రైయర్లోకి తోసింది.

సబ్బుపొడి పెట్టెల పక్కన ఆమె చేతిసంచి ఉంది. అందులో ఇంకా అంటించని పొడుగాటి కవరు. కవరు మీద కొండ అవతలి పట్నంలోని మూర్‌సైడ్ బిల్డింగ్ సొసైటీ చిరునామా. వాళ్ళ దగ్గర నెలనెలా కట్టే పొదుపు ఖాతా ఒకటుంది. ఏడాదిపాటు తప్పకుండా కట్టాలి, మధ్యలో తీయడానికి వీల్లేదు, ఏడాది నిండాక మంచి వడ్డీ కలిపి ఇస్తారు. ఈ ఊళ్ళో వాళ్ళ శాఖ ఎత్తేశారు. ఆ చోట ఇప్పుడు శాండ్‌విచ్‌లు అమ్ముతున్నారు. ఖాతా తెరవాలంటే అంతా పోస్టులోనే. ఫిబ్రవరినుంచి మొదలుకావాలంటే కాగితాలు రేపటికి వాళ్ళకు చేరాలి. అంటే ఇవాళ సాయంత్రం టపాకు పడాలి.

ఫిబ్రవరి దాటితే కుదరదు. ఆమె భర్త క్లిఫ్ సమాధి మీద ఇప్పటికీ కొయ్యగుర్తే ఉంది. వానకు రెండుసార్లు పుచ్చిపోతే లమ్ గారే ఊరికే కొత్తది పాతించారు. అయిదేళ్ళు నిండాక కొయ్యగుర్తులు ఉంచరాదని శ్మశానం వాళ్ళ నియమం. వచ్చే శీతాకాలం చివరికి అయిదేళ్ళు నిండుతాయి. అప్పటికి ఈ పొదుపు డబ్బుతో రాయి వేయించకపోతే అక్కడ గడ్డి తప్ప ఏమీ మిగలదు. ఎవరు ఎక్కడున్నారో గడ్డికేం తెలుసు.

దరఖాస్తు నింపడానికి ఆమెకు మూడు సాయంత్రాలు పట్టింది. నల్లసిరాతో, పెద్ద అక్షరాలతో రాయమన్నారు. ఇంట్లో రాతపనులన్నీ క్లిఫ్ చూసేవాడు. మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు గనక ఏది ఎక్కడ బిగించాలో తనకే తెలుసని అతని నమ్మకం. ఆమె జీతం కూడా అతని బ్యాంకు ఖాతాలోనే పడేది. ఇప్పుడు జీతం కవర్లో ఇస్తున్నారు, ఆమె దాన్ని టీ డబ్బాలో పెడుతోంది. టీ డబ్బా మూత చాలా తేలిగ్గా వస్తుంది. అదే చిక్కు. మధ్యలో తీయడానికి వీల్లేదన్న ముక్క చదివే ఆమె ఈ ఖాతాకు ఒప్పుకుంది.

మొదటి నెల డబ్బుకు పోస్టాఫీసులో మనియార్డరు కాగితం కొని పెట్టుకుంది. ఇంకా రెండు కావాలి. ఆమె ఎవరో చెప్పే కాగితానికి నకలు తీసి, దాని మీద పరిచయమున్న పెద్దమనిషి ఎవరైనా సంతకం పెట్టాలి. ఫలానా ఇంట్లో ఉంటోందని చూపే బిల్లు ఒకటి జతచెయ్యాలి. పెద్దమనుషులెవరో వెనకవైపు అచ్చువేశారు. డాక్టరు, బడిపంతులు, మతగురువు. ఆ వరసలో చివరన శవసంస్కారాలు జరిపించేవారు అని కూడా ఉంది. డాక్టరుకు తీరిక దొరకాలంటే పక్షం రోజులు. మతగురువు కొత్తగా వచ్చాడు. ఇక మిగిలింది గురువారం.

లమ్ గారు వేళకే వచ్చారు. పొడుగాటి మనిషి, నల్లటి పైకోటు, దగ్గరికొస్తే పిప్పరమెంటు వాసన. మడతపెట్టే బల్ల మీద కాగితం పరిచి, కళ్ళజోడు పెట్టుకుని, ఈనిడ్ జనన పత్రం నకలును అసలుతో పోల్చి చూశారు.

"ఈ ఊళ్ళో వందలమంది పేర్ల కింద సంతకం పెట్టాను," అన్నారు. "ఆ మనిషి ఎదురుగా నుంచుని నా రాత బాగోలేదన్నట్టు చూడడం ఇదే మొదటిసారి."

"మీ రాత బాగానే ఉందండీ. సిరా ఆరనివ్వండి."

"ఇది నీకు చివరి సంతకం కాదులే. ఇంకొకటి మిగిలుంటుంది."

"దానికి తొందరేం లేదు లమ్ గారూ."

ఆయన గొంతులోనే నవ్వి, కవర్లో పెట్టబోతూ గ్యాసు బిల్లు చూసి ఆగారు. "ఇది క్లిఫ్ పేరున ఉందే."

"ఇల్లొకటే కదండీ."

"ఇల్లొకటే. ఖాతా నీది. తిప్పి పంపేస్తారు."

ఈనిడ్ సంచిలోంచి కరెంటు బిల్లు తీసింది. తరవాత నీళ్ళది. ఆ తరవాత ఇంటి పన్నుది. అన్నిటి మీదా మిస్టర్ సి. క్రాబ్‌ట్రీ. లమ్ గారు ఒక్కొక్కటే చూసి, అంచులు సరిచేసి, బల్ల మీద పెట్టారు.

"నాలుగేళ్ళయింది ఈనిడ్."

"తెలుసండీ. మోసినవాళ్ళలో మీరూ ఉన్నారు కదా."

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. డ్రైయర్లో తెల్లగుడ్డలు లేచి పడుతున్నాయి. "రాయి నేను వేయించేస్తాను, నువ్వు మెల్లగా ఇద్దువుగాని," అన్నారు చివరికి. ఈ మాట ఇదివరకే రెండుసార్లు అన్నారు.

"వద్దండీ."

ఎందుకు వద్దో ఆయనకు చెప్పలేదు. చిన్నప్పుడు శుక్రవారాల్లో వాయిదాల వసూలుదారు తలుపు కొట్టినప్పుడల్లా అమ్మ ఆమెను లాక్కుని సోఫా వెనక కూర్చునేది. ఊపిరి బిగబట్టమని పెదవులతోనే చెప్పేది. క్లిఫ్ రాయి వెనక అలా నక్కి కూర్చోవడం ఆమెకు ఇష్టంలేదు.

"అయితే టౌన్‌హాలుకు వెళ్ళు," అన్నారు లమ్ గారు. "పన్ను బిల్లు పేరు మార్చి అక్కడికక్కడే ఇస్తారు. సాయంత్రం మూసెయ్యకముందే వెళ్ళు."

ఆయన గుడ్డలు తీసుకుని వెళ్ళాక షీలా వచ్చి ఈనిడ్ చేతిలోని దుప్పటి లాక్కుంది. "పోవే. నువ్వు లేకపోయినా యంత్రాలు తిరుగుతాయి. అసలు అవి నీకంటే మాట వింటాయి."

బయట సన్నటి వాన. కాలవ వెంట రాతిబాట తడిసి నల్లగా మెరుస్తోంది. మిల్లు కట్టడంలో ఇప్పుడు తివాచీలు అమ్ముతున్నారు. పాత నేతషెడ్డు కిటికీ వైపు ఆమె అలవాటుగా చూసింది. అక్కడే ఒకరోజు క్లిఫ్ ఆగిపోయిన మగ్గం కింద దూరి, తల బయటికి పెట్టి, శనివారం సినిమాకు వస్తావా అని పెదవులతో అడిగాడు. కొత్తగా చేరినవాడు, ఆ భాష సరిగా రాదు. షెడ్డులో సగంమంది ఆడవాళ్ళకు కనబడేట్టు అంతంత నోరు తెరిచి అడిగాడు. ఆమె జవాబు చెప్పేలోగా నాలుగు మగ్గాల అవతలనుంచి ఎవరో వస్తుందని చెప్పేశారు.

పోవడం మాత్రం చప్పుడు లేకుండా పోయాడు. కూరగాయల తోటలో బల్ల మీద కూర్చుని, ఫ్లాస్కులో టీ ఇంకా వేడిగా ఉండగానే. చుట్టూ అతను పెంచిన సీమ ఉల్లికాడలు, అతని మోచేతి మందాన. ఆ తరవాత కూడా అతని పేరున ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. బిల్లులు వచ్చేవి. జనవరిలో విత్తనాల కంపెనీ పుస్తకం వచ్చేది. తలుపు సందులోంచి పడ్డ ఉత్తరాన్ని తీసి, పేరు చదివి, అతని కుర్చీ చేతి మీద పెట్టేది. సాయంత్రం తనే తెరిచి కట్టేసేది. అందులో ఎవరికీ నష్టంలేదని ఆమె అనుకుంది.

టౌన్‌హాలులో ఆమె వంతు వచ్చేసరికి లైట్లు వేశారు. అద్దం వెనక ఒక అమ్మాయి, జలుబు చేసినట్టుంది, ముక్కు తుడుచుకుంటోంది.

"బిల్లు మీద పేరు మార్చాలమ్మా."

"పెళ్ళి చేసుకున్నారా?" అమ్మాయి కంప్యూటరు తెర మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఆ. ఏనాడో అయింది."

చిరునామా చెప్పింది. అమ్మాయి తెరను పైకీ కిందికీ జరిపింది. "ఇది మీ ఆయన పేరున ఉందండీ. ఆయనే వచ్చి చెప్పాలి."

"ఆయన రాలేడు."

"రాలేకపోతే ఫోను చేసినా చాలు."

"ఫోను కూడా చెయ్యలేడమ్మా."

అప్పుడు అమ్మాయి తలెత్తింది. ఈనిడ్ తలవల మీద వాన చుక్కలు నిలిచి ఉన్నాయి. రెండు చేతులతో సంచిని పట్టుకుంది.

"ఇంట్లో పెద్దవాళ్ళు ఎందరుంటున్నారండీ?" అమ్మాయి గొంతు తగ్గించింది.

ఆ ప్రశ్న ఈనిడ్‌కు కొత్తది కాదు. ఏడాదికోసారి కాగితం మీద వచ్చేది. ఆ గడిలో క్లిఫ్ ఎప్పుడూ రాసినట్టే, ఇద్దరు అని రాసి పంపేది. ఇప్పుడు పెదవులు కదిపింది. సాగదీసి, స్పష్టంగా, షెడ్డు ఆ చివరిదాకా కనబడేట్టు చెప్పింది. షీలా అయితే ఇట్టే పట్టుకునేది.

"ఏమన్నారో వినపడలేదండీ. ఈ అద్దం ఒకటి."

ఈనిడ్ అద్దం దగ్గరికి వంగింది.

"ఒక్కరే," అంది. "నేనొక్కదాన్నే."

ఎత్తైన కప్పు కింద ఆ మాట ఆమె అనుకున్నదానికన్నా పెద్దగా పలికింది. వెనక వరసలో గొడుగు పట్టుకున్న ముసలాయన తన బూట్లకేసి చూసుకున్నాడు.

అమ్మాయి ఆయన పోయిన తేదీ అడిగింది. ఈనిడ్ చెప్పింది. మీటలు టకటక కొట్టుకున్నాయి, ఎక్కడో లోపల యంత్రం కాగితాన్ని మింగి వదిలింది.

"నాలుగేళ్ళనుంచి మీరు ఇద్దరికి కడుతున్నారు," అంది అమ్మాయి. "ఒక్కరే ఉంటే పావు వంతు తగ్గుతుంది. మీకు తెలీదా అండీ?"

"తెలుసు."

"మరి?"

ఈనిడ్ కొంచెం ఆలోచించింది. "కుర్చీ ఉంది, టోపీ ఉంది, బూట్లున్నాయి. మనిషిని అంతా ఇంట్లో పెట్టుకుని పన్ను ఎగ్గొడితే బాగుండదనిపించింది."

అమ్మాయి మళ్ళీ ముక్కు తుడుచుకుంది. అది జలుబుకేనేమో. ఎక్కువగా కట్టింది చేతికివ్వరనీ, రాబోయే బిల్లుల్లో తగ్గిస్తారనీ, అంటే ఇకనుంచి నెలనెలా కట్టాల్సింది బాగా తగ్గుతుందనీ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. అద్దం కింది సందులోంచి కొత్త బిల్లు తోసింది. దాని మీద మిసెస్ ఇ. క్రాబ్‌ట్రీ అని ఉంది. ఈనిడ్ ఆ పేరు వైపు, రైల్లో ఎదురుగా కూర్చున్న కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

గోడవారన బల్ల మీద గొలుసు కట్టిన పెన్ను ఉంది. అదృష్టం, నల్లసిరానే. దరఖాస్తు తీసి, నెలకు ఎంత అన్న గడిలో ముందు రాసిన అంకె కొట్టేసింది. దాని పక్కన పెద్ద అంకె వేసి, దిద్దినచోట సంతకం పెట్టాలన్నారు గనక పొట్టి సంతకం పెట్టింది. ఇన్నాళ్ళూ క్లిఫ్ తినని తిండికీ, ఉండని ఇంటికీ కట్టిన వాటా. అది క్లిఫ్‌కే పోనీ. అన్నీ సర్ది, కవరు అంచు నాలుకతో తడిపి, బల్ల మీద ఉంచి పిడికిలితో రెండుసార్లు నొక్కింది. లాండ్రీలో ఇస్త్రీ మడత నొక్కినట్టే.

టౌన్‌హాలు మెట్ల కింద ఎర్ర డబ్బా ఉంది. టపా తీసే మనిషి ఇంకా రాలేదు. కవరు లోపల పడ్డ చప్పుడు వినిపించేదాకా ఆమె చెయ్యి బయటికి తియ్యలేదు.

ఇంటికి వెళ్తూ మాంసం ముక్కలు, బంగాళాదుంప కూరి కాల్చిన రొట్టె ఒకటి కొంది. కొట్టువాడు అలవాటుగా, "ఒకటేనా?" అన్నాడు. "ఒకటే," అంది. ఈసారి గొంతు మామూలుగానే వచ్చింది.

తలుపు తీస్తే చాప మీద ఆనాటి టపా పడి ఉంది. బిల్లులు ఏవీ లేవు. ఒక్క విత్తనాల పుస్తకం, ఈ ఏటిది. ఆమె దాన్ని కోటు అంచుతో తుడిచి, ఎప్పటిలాగే తీసుకెళ్ళి కిటికీ దగ్గర కుర్చీ చేతి మీద పెట్టింది. విత్తనాలవాళ్ళు ఇంట్లో ఎందరని అడగరు. రొట్టె వేడి చెయ్యడానికి వంటింట్లోకి వెళ్ళింది.

పుస్తకం అట్ట మీద మోచేతి మందపు సీమ ఉల్లికాడలు, మట్టి కడిగి తెల్లగా నిగనిగలాడుతున్నవి. వాటి కింద అంటించిన చీటీలో అచ్చు అక్షరాల్లో మిస్టర్ సి. క్రాబ్‌ట్రీ. వానకు తడిసి చీటీ ఒక మూల కొద్దిగా పైకి లేచి ఉంది.