అప్పగింతల మీద పాట

పెండ్లికి వీడియో తీయించడం నాలుగైదేళ్ల కిందటి వరకు పెద్దింటి వేడుక. ఇప్పుడు శుభలేఖలు అచ్చుకిచ్చిన రోజే వీడియో అతనికీ చెప్పి వస్తున్నాం. అందులో తప్పేమీ లేదు. కాని ఆ క్యాసెట్టులో ఏది ఉంచుతున్నాం, ఏది తీయించేస్తున్నాం అన్నది ఎవరమూ ఆలోచించం. మట్టెవాడలో కమల కూడా ఆలోచించలేదు.

కూతురు అరుణ పెండ్లి అయిన మూడో వారం, కమల తన భర్త కిషన్ రావుతో కలిసి జయరాజు వీడియో దుకాణంలో కూర్చుంది. బల్ల మీద రెండు వీసీఆర్లు, ఒక టీవీ, పాటల కోసం ఒక టేప్ రికార్డరు. ఒక దాంట్లో పెండ్లి తిరుగుతుంటే కావలసినంత వరకు రెండో దాంట్లోకి ఎక్కిస్తూ, ఎక్కడ ఏ పాట వెయ్యాలో అడిగి రాసుకుంటున్నాడు జయరాజు.

"ఎదురుకోళ్ల కాడ బ్యాండు మేళమే ఉండనీ తమ్మీ. తలంబ్రాలకు మంచి డ్యూయెట్ ఎయ్యి," అన్నాడు కిషన్ రావు హుషారుగా.

"డ్యూయెట్ లేని పెండ్లి నా దుకాణంల లేదు సార్. మొన్నొకాయన గణపతి పూజకు సుత డ్యూయెటే అడిగిండు!"

ముగ్గురూ నవ్వుతుండగానే తెర మీదికి అప్పగింతలు వచ్చాయి. టీవీలోంచి అరుణ గొంతు స్పష్టంగా వినిపించింది.

"నాయినా, ఇంక పన్నెండు దినాలల్ల ఇంటర్ పరీక్షలు. హాల్ టికెట్ సుత వచ్చింది. పరీక్షలైనంక పంపుండ్రి నాయినా..."

వెంటనే ఇంకో గొంతు కసిరింది. "నోర్ముయ్యవే! అందరు సూస్తాండ్రు."

ఆ గొంతు తనదేనని గుర్తుపట్టడానికి కమలకు ఒక క్షణం పట్టింది. పదిహేడేళ్ల పిల్లతో రోజూ మాట్లాడిన గొంతు ఇంత కరుకుగా ఉంటుందా?

తెర మీద వియ్యంకుడు సాంబయ్య ముందుకు వచ్చి, కోడలి తల మీద చెయ్యి పెట్టాడు. "ఏడ్వకు బిడ్డా. ఈసారి పోతె పోనీ. సెప్టెంబర్ల పరీక్ష నేనే దగ్గరుండి రాయిపిస్త. పదిమందిల మాటిస్తున్న."

కిషన్ రావు ఇబ్బందిగా కదిలాడు. "ఇక్కడ పాటెయ్యి తమ్మీ. పిల్లను గుంజుకపోయి చేసినట్టున్నది. నలుగురు చూసే క్యాసెట్."

"పాటెక్కిస్తే కింద మాట ఉండది సార్. అసలు క్యాసెట్ల ఎల్లుండి ఇంకో పెండ్లి తీస్త. మల్ల కావాల్నంటే దొరకది. పెద్దమనిషి మంచి మాటన్నడు, గా ఒక్క ముక్క ఉండనియ్యరాదుండ్రి?"

"పుస్తె కట్టేటప్పుడు గట్టిమేళం ఎందుకు వాయిస్తరయ్యా? చెడ్డమాట చెవుల పడొద్దనే గద! ఇదీ గంతే."

జయరాజు కమల వైపు తిరిగాడు. "అక్కా, మీరేమంటరు?"

కమలకు కూతురి మాట ఉంచాలనే ఉంది. కాని అది ఉంటే తన మాటా ఉంటుంది. కొత్త చుట్టాల ముందు, వాడకట్టు వాళ్ల ముందు ఆ కసురు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది.

"పాటనే ఎయ్యి తమ్మీ," అన్నది తల వంచుకుని.

అప్పటికి కాలేజీలో పరీక్షలు మొదలై రెండు రోజులైంది.

ఆగస్టులో కమల సెప్టెంబరు పరీక్షకు దరఖాస్తు ఫారం సంపాదించి, హన్మకొండలోని వియ్యాలవారింటికి వెళ్లింది. మరునాడే ఆఖరు గడువు.

"అన్నా, అరుణ పరీక్ష దరఖాస్తు తెచ్చిన. మీరు రాయిపిస్తనంటిరి గద."

సాంబయ్య పేపరు మడిచి ఆశ్చర్యంగా చూశాడు. "నేనన్ననా చెల్లె? ఎప్పుడు?"

వియ్యపురాలు మొగిలమ్మ వంటింట్లోంచి వస్తూనే అందుకుంది. "పప్పుల పోపెయ్యను సర్టిఫికెట్ కావాల్నా వదినె? మా ఇంట్ల ఇంటర్వ్యూలు లేవు!"

"అప్పగింతల కాడ అన్నరన్నా. పదిమందిల అన్నరు."

"గట్లయితే ఫికరెందుకు? క్యాసెట్ ఉన్నది గద, పెట్టి సూద్దాం. నేనన్ననంటే ఇప్పుడే ఒప్పుకుంట," అన్నాడు సాంబయ్య. ఆయన మాటలో కపటం లేదు. నిజంగానే మరిచిపోయాడు.

క్యాసెట్టు తిరిగింది. అరుణ వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. తెర మీద అరుణ పెదవులు కదిలాయి, కన్నీళ్లు చెంపల మీదికి జారాయి. గదిలో మాత్రం వెన్నెల మీద హుషారైన పాట మోగింది. తెర మీది కమల నోరు తెరిచి మూసింది, పాట ఆగలేదు. సాంబయ్య కోడలి తల మీద చెయ్యి పెట్టి ఏదో అన్నాడు. అప్పుడు పాటలో వయొలిన్లు వచ్చాయి.

"ఏడ్సినా ఎంత ముద్దుగున్నదో నా కోడలు!" అని మురిసింది మొగిలమ్మ.

"ఏది చెల్లె, నేనన్న మాట?" అన్నాడు సాంబయ్య. "ఏడ్వకమ్మా అనుంట. గంతే అయుంటది."

మాట పాట కింద పోయిందంటే, ఆ పాట ఎందుకు వేయించారో కూడా కమల చెప్పాలి. ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది.

గేటు దాకా అరుణ సాగనంపడానికి వచ్చింది. "ఇంటికచ్చినోళ్లందరికి ఆ క్యాసెటే పెడుతరమ్మా. పదిసార్లు సూసిన. ఆడ పాటెయ్యమన్నది ఎవలు?"

"మీ నాయిన..." అని మొదలుపెట్టి ఆగిపోయింది కమల. తరువాత అన్నది, "అడిగితే నేనే ఎయ్యమన్న బిడ్డా."

అరుణ ఏడవలేదు. కోప్పడలేదు కూడా. గేటు గొళ్లెం తీస్తూ, "పోనీ తియ్యమ్మా. పాట లేనప్పుడు సుత నువ్వు ఇనకపోతివి," అన్నది.

లోపలి నుంచి మొగిలమ్మ పిలిస్తే, "వస్తున్న అత్తమ్మా," అంటూ వెళ్లిపోయింది.

కమల బస్‌స్టాండు వైపు నడిచింది. సాంబయ్య మరిచిపోయాడు, మొగిలమ్మ ఎగతాళి చేసింది, కిషన్ రావు పాట అడిగాడు, జయరాజు వేశాడు. అందరినీ తలుచుకుని తిట్టుకుందామని చూసింది. కాని అప్పగింతల నాడు పిల్ల మాట విని మొదట నొక్కింది ఈ నలుగురిలో ఎవరూ కారు.

కన్న తల్లులారా, చదువుకుంటానని ఆడపిల్ల అడిగినప్పుడు అక్కడే, ఆ క్షణమే వినండి; మనం వినని మాటకు సాక్ష్యం ఏ క్యాసెట్టులోనూ దొరకదు.