పొయ్యి ముందు గుంట

భోజనాల కంచాలు ఇంకా తొట్టిలోనే ఉన్నాయి. ఇంటికి వెలకట్టే ఆయన అప్పుడే టేపు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. పెద్దకోడలు చేతులు తుడుచుకుని పక్కకు తప్పుకుంది. తెల్లవారుజామున మొదలైన చాకిరీ మధ్యాహ్నం రెండైనా తెమల్లేదు.

భర్త పోయి రెండు నెలలైంది. ఇల్లు అన్నదమ్ములిద్దరిదీ. భర్త సగం ఇప్పుడు ఆమెది. దాన్ని వదులుకుంటున్నట్టు ఆమె సంతకం పెడితే మరిది ఇల్లు అమ్మేస్తాడు.

"నువ్వు మాతోనే ఉందువుగానిలే వదినా. మా ఆవిడకి ఉద్యోగమాయె. ఇంటిపట్టున ఒక మనిషుంటే మాకూ నిశ్చింత," అన్నాడతను. అడగకుండానే అన్నం పెడతానన్నాడు గాని, ఆ అన్నం వండేదెవరో చెప్పలేదు.

వెలకట్టే ఆయన స్టవ్ గట్టు ముందు ఆగి కాలితో నేల తట్టాడు. రాతి బండలో అక్కడ రెండు పాదాల మేర గుంట పడి ఉంది.

"బండ అరిగిపోయిందండీ. మార్చాలి. ఆ మేరకు ధర తగ్గించి రాస్తున్నా," అంటూ సుద్దముక్కతో చుట్టూ గీత గీశాడు.

ఆ గుంట ఆమె రాకముందు నుంచే ఉంది. కాపురానికొచ్చిన కొత్తలో అందులో నిలబడితే పాదాలు జారేవి. అత్తగారు నవ్వేది. "అది నా కాళ్ల కొలత అమ్మాయ్. ఈ ఇంట్లో నాదని చెప్పుకోడానికి అదొక్కటే ఉంది." చివరికి ఆవిడ అక్కడే, గరిటె చేతిలో ఉండగానే ఒరిగి ప్రాణం విడిచింది. అప్పటినుంచీ పెద్దకోడలికి తన మడమల వెనక ఎవరో బరువు మార్చుకుని నిలబడ్డట్టే ఉంటుంది. మొదట్లో భయమేసేది. తన పాదాలు ఆ గుంటలో సరిగ్గా అమరిపోయిన రోజున అంతకన్నా ఎక్కువ భయమేసింది.

"టీ పెట్టు వదినా. తాగి సంతకం చేద్దువుగాని." మరిది కాగితం గట్టు మీద పెట్టాడు.

ఆమె టీ గిన్నె స్టవ్ మీద పెట్టి, సుద్దగీత దాటి గుంటలో నిలబడి మరిది వైపు చూసింది.

"బాబూ, ఈ బండ ఎలా అరిగిందంటావ్?"

"అదేం ప్రశ్న? తిరిగి తిరిగి అరిగుంటుంది."

"తిరిగితే ఇల్లంతా అరగాలిగా. మీ అమ్మా నేనూ ఇక్కడ నిలబడ్డాం. ఇద్దరికీ కలిపి అరవై ఏళ్లు. దానికి ఆయన ధర తగ్గించాడు, నువ్వు చూస్తూ ఊరుకున్నావ్. నేను సంతకం పెట్టను."

మరిది నవ్వబోయాడు. అంతలో చూపు స్టవ్ మీదికి పోయింది.

"టీ పొంగుతోంది వదినా."

ఆమెకు కనబడుతూనే ఉంది. పొంగు గట్టు మీదుగా పారి కాగితం అంచును తడిపింది. అతను గబగబా చెయ్యి చాచాడు గాని, స్టవ్ మీట ఏ పక్కకు తిప్పాలో తెలియక అలాగే ఆగిపోయాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె కదల్లేదు. ఆమె వెనక ఇంకో జత మడమలూ కదల్లేదు.