దువ్వెన బాబాయి పొట్టలో కాపలావాళ్లు

కన్నూ చెవీ అంత ఒద్దికగా అమర్చిన దేవుడు మనిషి పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తొందరపడ్డాడన్నది దువ్వెన బాబాయికి ఏళ్ల తరబడి తీరని సందేహం. పొద్దున్నే దండం పెట్టుకుంటూ మర్యాదగానే అడిగేవాడు: "స్వామీ, తప్పు పట్టడం కాదు, తెలుసుకుందామని."

చెవి మీద ఎప్పుడూ దువ్వెన ఉండే ఆ బాబాయిది సెలూను. నురగ పూసి ఒక చెంప గీసేసరికి పొట్టలో మెలిపెట్టేది. "ఇప్పుడే వస్తా" అంటూ వెనక గదిలోకి ఒకటే పరుగు. కుర్చీలో మనిషి కునుకు తీసి లేచేసరికి నురగ ఎండి అట్టకట్టేది. కొందరు ఆ ముఖంతోనే ఇంటికి పోయేవారు.

చివరికి భార్య తెగేసి చెప్పింది.

"ఇంకొక్కసారి ఎవరినైనా సగంలో వదిలేశారో, కుర్చీ మా తమ్ముడికి ఇచ్చేయండి. మీరు తువ్వాళ్లు మడతపెట్టుకుంటూ కూర్చోండి."

ఆ తమ్ముడు అప్పటికే కుర్చీ ఎత్తు తనకు తగ్గట్టు సరిచేసుకుంటున్నాడు. బాబాయికి ప్రాణం ఉసూరుమంది. ఆ కుర్చీ పోతే ఇక తానెవరు?

పరుగున ఆస్పత్రికి వెళ్లాడు. డాక్టరమ్మ గొట్టం వేసి చూసింది. పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక పిలిచింది.

"పేగు గోడలో మాస్ట్ కణాలని ఉంటాయి బాబాయ్. కాపలావాళ్లనుకో. ఒక్కొక్కడి దగ్గర సంచి నిండా ఘాటు మందుల పొట్లాలు. పురుగో పుట్రో లోపలికి వస్తే పొట్లాలు విప్పి విసురుతారు. పేగు వాచి, నీళ్లూరి, వచ్చినదాన్ని బయటికి తోసేస్తుంది."

"మంచిదేగా అమ్మా?"

"మంచిదే. కానీ నీ పేగులో వీళ్లు మరీ ఎక్కువమంది ఉన్నారు. పైగా పిరికివాళ్లు. పాలు తాగినా పొట్లమే, నువ్వు కంగారుపడినా పొట్లమే. నరాల పక్కనే కాపురం కదా, నీ కంగారు వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది."

"అంటే నేను వాళ్లకు భయపడతాను, నన్ను చూసి వాళ్లు భయపడతారు!"

"అంతే. మాత్రలు రాస్తాను. పాలు కొన్నాళ్లు మాని చూడు. కంగారు కూడా."

బాబాయి సందేహం సగం తీరింది. స్వామి లోపల పెట్టింది శత్రువును కాదు, కాపలానే. మరి ఇంత పిరికివాళ్లను ఏరి ఏరి ఎందుకు పెట్టాడో తర్వాత అడగొచ్చులే, ముందు వీళ్లను మచ్చిక చేసుకోవాలి అనుకున్నాడు.

పిరికివాళ్లు ఆయనకు కొత్తా? మొదటిసారి జుట్టు కత్తిరించుకునే పిల్లలకు ముందు కత్తెర గాల్లో ఆడించి చూపిస్తాడు. చప్పుడుకు అలవాటుపడి ఊరుకుంటారు. పొట్టకూ అదే వైద్యం మొదలుపెట్టాడు. ప్రతి ముద్దనూ ముందు పొట్టకు చూపించి, "మనవాడే, దారివ్వండి" అనేవాడు.

"కంచం ముందు ఈ నాటకమేంటండీ?" అంది భార్య.

"పరిచయం చేస్తున్నానే."

"మాత్ర వేసుకున్నారా?"

"దాన్నీ పరిచయం చేశాకే మింగాను."

కొన్ని వారాలు గడిచాయి. ఒక ఉదయం, ఏనాడో సెలూను గడప తొక్కడం మానేసిన రిటైర్డ్ హెడ్మాస్టరు ముఖానికి మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చుని మఫ్లరు విప్పాడు. ఎడమ చెంప నున్నగా మెరుస్తోంది. కుడి చెంప నిండా గడ్డం.

"ఇదేం అవతారం మాస్టారూ?"

"ఆ రోజు ఎడమవైపు గీసి పారిపోయావు. ఎక్కడ ఆపావో అక్కడిదాకా ఇవాళ నేనే గీసుకొచ్చాను. కుడివైపు నీ బాకీ. నీకు నయమైందని విని వసూలుకొచ్చాను."

బాబాయి నురగ పూశాడు. పొట్టలో గుడగుడమంది. అది సెలూనంతా వినబడింది.

"బావా, నేనందుకోనా?" అంటూ బావమరిది భుజాన తువ్వాలేసుకుని ముందుకొచ్చాడు.

బాబాయి కత్తెర తీసి తన పొట్ట ముందు గాల్లో కిచకిచమనిపించాడు. "భయం లేదు నాన్నా, మాస్టారే. ఏమీ అనరు."

హెడ్మాస్టరు ఒక కన్ను తెరిచాడు. "ఎవరితో మాట్లాడుతున్నావు?"

"కాపలావాళ్లతో సార్. కాస్త పిరికివాళ్లు."

"గొడవ చేసేదెవరో పేరు చెప్పు, బెంచీ ఎక్కిస్తాను."

బాబాయికి నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోనే ఎక్కడో మెలిక విడిపోయింది. మాత్ర మహిమో, పాలు మానడమో, కత్తెర చప్పుడో, స్వామి దయో ఆయనకు తెలియలేదు. తెలుసుకునే తీరికా లేదు. కత్తి అందుకుని చెవి దగ్గర్నుంచి గడ్డం కొసదాకా ఆగకుండా గీశాడు. బావమరిది తువ్వాలు తీసి కొక్కేనికి తగిలించాడు.

హెడ్మాస్టరు రెండు చెంపలూ తడిమి చూసుకున్నాడు.

"నేను గీసుకున్నదే నయం," అన్నాడు లేస్తూ. "సర్లే, బాకీ తీరింది."