అవ్వ తరవాణి కుండ

కుండను చంపింది ఎవరో కాదు, అబిగయీలే. అదీ అంట్ల సబ్బుతో.

మైపాడులో వాళ్ల అవ్వ మగ్దలీనమ్మ పోయిన మూడోనాడు ఆదరణ కూడికకు చుట్టాలొస్తారని ఇల్లు కడుగుతూ, వంటింటి మూలనున్న తరవాణి కుండను కూడా పీచుపెట్టి తోమి ఎండలో బోర్లించేసింది. నలభై ఏళ్లలో ఒక్కరోజూ ఆగని తరవాణి అది! రోజూ కాస్త పాత తరవాణి అడుగున ఉంచి, పైన కొత్త గంజి పోసి పులియబెట్టేది అవ్వ. సూక్ష్మజీవుల మీద పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల చెయ్యాల్సిన పనేనా ఇది? నాలుక్కరుచుకునేసరికి కుండ ఎండిపోయింది.

మిగిలింది ఒక్కటే. రెండేళ్ల కిందట సరదాకి ఆ తరవాణిలోంచి వేరుచేసిన బాక్టీరియా నెల్లూరు ల్యాబు ఫ్రీజర్లో, వేలెడంత ట్యూబులో ఉంది. ఇప్పుడు దానికీ గండం వచ్చిపడింది.

“ఫ్రీజర్లో చోటు లేదు అబీ. పేగుల్లో పైత్యరసాన్ని విడగొట్టే ఎంజైము ఉన్నవాటినే ఉంచుదాం. మిగతావి పదో తారీకున పారేద్దాం,” అన్నారు గైడు కరుణాకుమారి మేడం.

పరీక్ష చిన్నదే. పైత్యరస లవణాలు కలిపిన ప్లేటు మీద బాక్టీరియాను పెంచాలి. ఎంజైము పనిచేస్తే చుక్క చుట్టూ తెల్లటి వలయం వస్తుంది. లవణాల డబ్బా మూత తీయగానే ఆ కంపుకి అబిగయీలుకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు కానాగంత చేపలు కోస్తూ చేదు తిత్తి పగలగొట్టినప్పుడు అవ్వ తిట్టిన తిట్లు గుర్తొచ్చాయి. “కూరంతా నాశనం చేసినావు గదే! నీకింక చదువే గతి!”

రెండ్రోజులాగి చూస్తే చుక్కలున్నాయి. వలయం లేదు. అంటే పదో తారీకున పారేయడమే. రెండోసారి కూడా నేనే చంపానా అనుకుంది.

సాయంత్రం మైపాడు బస్సులో గుర్తొచ్చింది. ఒక వానాకాలం కుండకు పగులొస్తే, మిగిలిన తరవాణిని అవ్వ కొత్త కుండలోకి మార్చింది. అబిగయీలు గ్లాసు పట్టుకుని పరుగెత్తితే చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇప్పుడే ముట్టుకోబాక. కుండ మారింది, బెదిరి ఉండాది. మూడు దినాలు గంజి పోస్తేగాని లెయ్యదు.”

మరి తను చేసిందేంటి? రెండేళ్లు మంచులో పడుకున్నదాన్ని, కళ్లన్నా తెరవనీకుండా పరీక్షకు కూర్చోబెట్టింది. ఇంత చదివీ ఏం లాభం!

మర్నాటి నుంచి మూడు రోజులు, పాతదాంట్లోంచి ఒక్కో చుక్క తీసి కొత్త పోషక ద్రవంలో కలిపింది. ఆ తర్వాతే ప్లేటు మీద వేసింది.

పదో తారీకు పొద్దున మూత తీస్తే, ప్రతి చుక్క చుట్టూ తెల్లటి వలయం! వెంటనే ఎంజైము బలమెంతో కొలిచింది. అది ఎంత పనిచేస్తే ట్యూబు అంత ఊదారంగుకు తిరుగుతుంది. పోలిక కోసం వేడికి చంపిన బాక్టీరియా వేసిన ట్యూబు రంగు మారలేదు. అవ్వ ట్యూబు చిక్కటి ఊదారంగుకు తిరిగింది. మేడం ఆ అంకె చూసి, “దీన్ని భద్రంగా పెట్టు,” అన్నారు.

మిగిలిన ద్రవాన్ని చిన్న ట్యూబుల్లోకి పంచుతుంటే పుల్లటి వాసన గుప్పుమంది. అచ్చం ఆ వంటింటి మూల వాసనే. ఒక్క గుక్క తాగాలని ప్రాణం కొట్టుకుంది. ల్యాబులోది నోట పెట్టకూడదు, మొదటిరోజే నేర్పే పాఠం అది.

“లేచిందవ్వా,” అంది పైకే. కళ్లలో నీళ్లు ఆగలేదు.

మూడు దినాలూ అయిపోయాయి. అవ్వయితే ఇప్పుడు తాగమనేది.